పెన్నేరు గడ్డ, నీళ్లలో ఎలుక, చేతిలో స్టాప్‌వాచ్

పెన్నేరు అంటే మా అనంతపురం జిల్లాలో ముందు ఏరే గుర్తొస్తుంది. పామిడి దగ్గర నిలబడి చూస్తే ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ కనబడదు, అది వేరే కథ. ఆయుర్వేదం అంగట్లో మాత్రం పెన్నేరు గడ్డ అంటే అశ్వగంధ. మా చిన్నాయనకు ఈ మధ్య ఈ రెండో పెన్నేరు మీద గురి కుదిరింది.

ఆయనకు రెండేళ్లుగా దిగులు జబ్బు. శెనక్కాయ పంట పూర్తిగా పోయిన ఏడాది మొదలైంది. తర్వాతి ఏడాది పంట బాగానే వచ్చింది, దిగులు మాత్రం పోలేదు. రాత్రి మూడింటికి లేచి కూర్చునేవాడు, అన్నం సయించేది కాదు, శనివారం భజనకు పోవడం కూడా మానేశాడు. టౌన్లో డాక్టరు రాసిచ్చిన మాత్రలతో ఆరేడు నెలలుగా మనిషి తేరుకున్నాడు. అంతలో ఫోన్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది: పెన్నేరు గడ్డ డిప్రెషన్‌ను తగ్గిస్తుందని శాస్త్రవేత్తలు ఎలుకల మీద నిరూపించారట.

"ఏం నాయనా, నువ్వు ఎలుకల మీద మందులు చూసినోడివే కదా. ఇది తాగితే ఆ మాత్రలు నిలిపేయొచ్చునా?"

చూసినవాణ్ణే. ఫార్మసీ చదివే రోజుల్లో ఇలాంటి ప్రయోగాల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. ఆ ఫార్వర్డ్ అబద్ధం కాదు. అలాగని చిన్నాయన అడిగినదానికి జవాబు అందులో లేదు. 'నిరూపించారు' అన్న మాట వెనక యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల ఎలుకలను ఉంచే చోట, నిజంగా ఏం జరుగుతుందో తెలిస్తే ఆ తేడా తెలుస్తుంది.

ఎలుకకు దిగులని ఎట్లా తెలుసు?

మనిషినైతే అడుగుతాం. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, తప్పంతా నాదే అనిపిస్తోందా, బతుకు మీద ఆశ ఉందా అని. ఎలుక చెప్పదు. కాబట్టి అది చేసే పనుల్లో లెక్కపెట్టడానికి వీలైనది ఒకటి పట్టుకోవాలి.

ఆ పట్టు 1977లో దొరికింది. ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న రోజర్ పోర్సోల్ట్, ఆయన సహచరులు ఒక తేలికైన పరీక్ష ప్రకటించారు. పొడవాటి గాజు సిలిండర్, అందులో సుమారు 25 డిగ్రీల వెచ్చదనంతో నీళ్లు. చిట్టెలుకను అందులో వదులుతారు. గాజు నున్నగా ఉంటుంది కాబట్టి పైకి పాకే వీలు లేదు. మొదట గోడలు గీరుతుంది, గుండ్రంగా ఈదుతుంది, మునిగి అడుగు చూసి వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు గడిచాక ఆగిపోతుంది. ముక్కు పైకి పెట్టి, మునగకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే కాలు కదిపి, అట్లా తేలుతూ ఉండిపోతుంది. ఆరు నిమిషాల్లో మొదటి రెండూ వదిలేస్తాం. మిగిలిన నాలుగు నిమిషాల్లో, అంటే 240 సెకన్లలో, కదలకుండా ఉన్న సెకన్లు ఎన్ని అన్నదే లెక్క.

పరీక్ష మొత్తం ఇంతే. ఇమిప్రమైన్ లాంటి డిప్రెషన్ మందు ముందుగా ఇచ్చిన ఎలుకలు ఎక్కువసేపు పెనుగులాడాయి, తక్కువసేపు తేలాయి. ఆ కదలకుండా తేలడానికి 'ఆశ వదులుకోవడం' అని పేరు పెట్టారు. పేరు పెట్టడంతోనే సగం గందరగోళం మొదలైందని నా అభిప్రాయం. 1985లో దీనికి తమ్ముడు లాంటి ఇంకో పరీక్ష వచ్చింది: చిట్టెలుకను తోక చివర టేపు వేసి ఆరు నిమిషాలు వేలాడదీసి, అక్కడా కదలని సెకన్లే లెక్కపెడతారు. నీళ్లు తుడిచే పని లేదు కాబట్టి స్టూడెంట్లకు అదంటే ఇష్టం.

చిన్న పొరపాటు కూడా ఈ లెక్కను ఎంత తారుమారు చేస్తుందో చెప్పాలి. మే నెలలో అనంతపురంలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు ఎట్లా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి రోజు నేను థర్మామీటర్ పెట్టకుండానే కుళాయి నీళ్లు పట్టేశాను. వేడి నీళ్లలో ఎలుక ప్రవర్తన వేరు, చల్లటి నీళ్లలో వేరు. ఆ రోజు రాసిన అంకెలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. మర్నాటి నుంచి పక్కనే ఐసు ముక్కలు. ఇంకో తప్పు అంతకంటే పెద్దది, అది నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తప్పుగా తోచలేదు. ఏ పంజరంలో ఏ మందు ఇచ్చామో నాకు తెలుసు. మూలిక ఇచ్చిన ఎలుక ఒక కాలు అట్లా ఆడించిందనుకోండి, అది 'కదలిక' అని స్టాప్‌వాచ్ ఆపేస్తాం. మందు లేకుండా ఉత్త జిగురు నీళ్లే తాగిన, పోల్చి చూడటానికి పెట్టిన కంట్రోల్ ఎలుక అదే కాలు ఆడిస్తే 'తేలడానికే లే' అనుకుంటాం. కావాలని చేసింది కాదు. చెయ్యి దానంతటదే చేస్తుంది. అందుకే ఏ ఎలుకకు ఏం ఇచ్చారో తెలియని మనిషి లెక్కపెట్టాలి, లేదా వీడియో తీసి పేర్లు చెరిపేసి చూడాలి. ఇలాంటి పేపర్ ఏది చేతికొచ్చినా నేను మొదట వెతికేది ఆ ఒక్క వాక్యం.

ఎలుకలను ఏ గుంపులుగా విడదీస్తారో కూడా ఇక్కడే చెప్పేస్తాను. సాధారణంగా ఆరేసి ఎలుకలతో నాలుగు గుంపులు. ఒకదానికి మందు కలిపే జిగురు నీళ్లు మాత్రమే, ఒకదానికి ఇమిప్రమైనో, ఫ్లూఆక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందో, మిగతా రెండింటికి మూలిక తక్కువ మోతాదు, ఎక్కువ మోతాదు. మన కాలేజీల పేపర్లలో ఆ మోతాదులు తరచుగా 200, 400 మిల్లీగ్రాములే ఎందుకుంటాయో తెలుసా? అది చరకుడి లెక్క కాదు. ముందుగా విషపరీక్షలో కిలో బరువుకు 2000 మిల్లీగ్రాములు ఒకేసారి ఇచ్చి 14 రోజులు చూస్తారు. ఎలుక చావకపోతే అందులో పదో వంతు, ఐదో వంతు తీసుకుంటారు. లెక్కకు వీలుగా ఉంటుందని స్థిరపడిన అలవాటది.

కాఫీ తాగిన ఎలుక

ఇప్పుడు అసలు చిక్కు. ఉదాహరణకు ఏమీ ఇవ్వని ఎలుక 150 సెకన్లు తేలింది, మూలిక ఇచ్చినది 100 సెకన్లే తేలింది అనుకుందాం. మూలిక దిగులు తగ్గించిందా? ఆ ఎలుకకు కెఫీన్ ఇచ్చినా తక్కువసేపే తేలుతుంది. ఆంఫెటమిన్ ఇచ్చినా అంతే. హుషారెక్కిన ఏ జంతువైనా ఎక్కువ కొట్టుకుంటుంది. అందుకే అవే ఎలుకలను ఖాళీ పెట్టెలో వదిలి ఎంత తిరుగుతున్నాయో కూడా చూస్తారు. పెట్టె అడుగున గీసిన గళ్లు ఎన్ని దాటిందో లెక్కపెట్టే పద్ధతి ఒకటి, కాంతి కిరణాలు ఎన్నిసార్లు తెగాయో మిషనే లెక్కపెట్టే పద్ధతి ఇంకొకటి. అక్కడ మామూలుగానే తిరుగుతూ నీళ్లలో మాత్రం ఎక్కువ పెనుగులాడితే, అప్పుడు ఏదో ఉన్నట్టు. ఈ రెండో పరీక్ష లేని పేపర్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

దీనికంటే లోతైన అభ్యంతరం ఒకటుంది. కదలకుండా తేలడం నిరాశేనా? మా ఊళ్లలో బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లను అడగండి. మొదటి రోజు బెండ్లు కట్టుకుని దిగినవాడు కాళ్లూ చేతులూ తపతపా కొడతాడు. నాలుగు రోజులు పోయాక వాడే వెల్లకిలా తేలి ఆకాశం చూస్తుంటాడు. బావిలోంచి పైకెక్కే దారి లేనప్పుడు బలం దాచుకోవడం తెలివి. ఎలుక కూడా 'ఈదినా లాభం లేదు, తేలితే చాలు' అని నేర్చుకుంటోందేమో అని చాలామంది పరిశోధకులు కొన్నేళ్లుగా వాదిస్తున్నారు. ఆ వాదనకు తోడు, ఎలుకకు అది భయంకరమైన అనుభవం కూడా. ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో ఈ పరీక్ష వాడకాన్ని బాగా తగ్గించే దిశగా ఈ మధ్య నిర్ణయాలు వచ్చాయి. మన దగ్గర మూలికల పేపర్లలో ఇప్పటికీ ఇదే ఎక్కువ, ఎందుకంటే ఒక గాజు సిలిండర్, ఒక స్టాప్‌వాచ్ ఉంటే పని అయిపోతుంది.

ఇంకొకటి. ఈ పరీక్షలో మందు గంటలో, ఎక్కువలో ఎక్కువ ఒక రోజులో పనిచేసినట్టు కనబడుతుంది. మనిషికి అదే మందు పట్టడానికి రెండు వారాల నుంచి నాలుగు వారాలు. చిన్నాయనకు మాత్రలు మొదలుపెట్టిన మూడో వారంలో గానీ నిద్ర దారికి రాలేదు. ఒక్క డోసుతో సెకన్లు మారాయంటే, మనం చూస్తున్నది మందు మెదడుకు చేరిందన్న గుర్తే కావచ్చు. జబ్బు తగ్గిందన్న గుర్తు కాకపోవచ్చు.

చక్కెర నీళ్లు

అందుకే నాకు ఈత కంటే చక్కెర నీళ్ల పరీక్ష మీద నమ్మకం ఎక్కువ. 1980లలో పాల్ విల్నర్ వంటి పరిశోధకులు దీన్ని తీర్చిదిద్దారు. ఎలుకను ఒకేసారి భయపెట్టరు. కొన్ని వారాల పాటు చిన్నచిన్న చిరాకులు పెడతారు: ఒక రాత్రి పంజరంలో పొట్టు తడిపేస్తారు, ఒక రోజు పంజరాన్ని వాలుగా పెడతారు, ఒక రాత్రంతా లైటు వేసి ఉంచుతారు, ఒకసారి తెలియని ఎలుకను తెచ్చి పక్కన పెడతారు. ఏ రోజు ఏది వస్తుందో దానికి తెలియదు. కరెంటు ఎప్పుడు పోతుందో, బోరు ఎప్పుడు ఎండుతుందో, తెలియకుండా బతికే మనిషికి ఇది కొత్త సంగతి కాదు.

తర్వాత పంజరానికి రెండు సీసాలు తగిలిస్తారు. ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో ఒక శాతం చక్కెర కలిపిన నీళ్లు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక తియ్యటి సీసా దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది. వారాల తరబడి చికాకు పడిన ఎలుకకు ఆ తీపి మీద మోజు తగ్గిపోతుంది. రెండు సీసాల్లోనూ దాదాపు ఒకేలా తాగుతుంది. ఇష్టమైనది ఇష్టం లేకుండా పోవడం మనిషి డిప్రెషన్‌లో కూడా ప్రధాన లక్షణం. ఆ శనివారం భజన గుర్తుందా? ఇంకా ముఖ్యమైన సంగతి, డిప్రెషన్ మందులు ఇస్తే ఈ మోజు తిరిగి వస్తుంది, కానీ రెండు మూడు వారాలు పడుతుంది. మనిషికి పట్టినంత కాలమే.

చెప్పినంత తేలిక మాత్రం కాదు. కొన్ని ఎలుకలకు ఎడమ పక్క సీసాయే అలవాటు, అందులో ఏముందన్నది వాటికి పట్టదు. అందుకని మధ్యలో సీసాలు అటూ ఇటూ మార్చాలి. తాగకముందు, తాగాక సీసాను తూచాలి. ఒక వారం మా దగ్గర ఒక సీసా మూత సరిగా బిగియక బొట్టు బొట్టుగా కారింది. తూకంలో ఆ ఎలుక అందరికంటే ఎక్కువ తీపి తాగింది. పంజరంలో పొట్టు తడిసి ఉండటం చూశాక గానీ తాగింది పొట్టు అని తెలియలేదు.

మెదడులో ఏ బోరు నీళ్లు?

ఈ ప్రయోగాల గురించి చెబుతుంటే చిన్నాయన మధ్యలో ఒక ప్రశ్న అడిగాడు. "అవునూ, అంతా అయినాక ఆ ఎలుకలేమైతాయి?"

చంపుతారు. తలలోంచి మెదడు తీసి, ఐసు మీద పెట్టి, కావలసిన భాగం కోసి, రసాయనాలు కొలుస్తారు. మెదడులో ఏం జరిగిందో చెప్పే పేపర్లన్నీ అక్కడి నుంచే వస్తాయి. దీనికి చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ దగ్గర రిజిస్టరైన చోటే, కాలేజీ ఎథిక్స్ కమిటీ ముందుగా అనుమతించిన ప్రయోగమే, ఒప్పుకున్నన్ని జంతువులతోనే చేయాలి. చిన్నాయన ఏమీ అనలేదు. కాసేపు ఆగి "సరే, చెప్పు" అన్నాడు.

మెదడు కథ మొదలైంది కూడా మన దేశపు మూలిక ఒకదానితోనే, అయితే తలకిందులుగా. సర్పగంధి వేరును మన దేశంలో బీపీకి, ఉన్మాదానికి వాడేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గురించి రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ బీపీ రోగుల మీద దాని ఫలితాలను బ్రిటన్‌లోని గుండెవైద్య పత్రికలో ప్రకటించాక ప్రపంచం కళ్లు దీని మీద పడ్డాయి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. బీపీ తగ్గింది. అయితే అది వాడిన కొందరు రోగులు దిగులులో పడిపోతున్నారని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. 1955లో అమెరికాలో బ్రోడీ అనే శాస్త్రవేత్త ల్యాబ్ వాళ్లు రిసర్పిన్ నాడీకణాల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనం నిల్వలను శరీరంలో ఖాళీ చేస్తుందని గమనించారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్‌తో కదలకుండా పడిపోయిన కుందేళ్లకు ఎల్-డోపా (ఒంట్లో అది డోపమైన్ అనే ఇంకో కబురు రసాయనంగా మారుతుంది) ఇస్తే అవి లేచి తిరిగాయి. డోపమైన్ పనేమిటో తేల్చిన ఆ వరుస పరిశోధనకు 2000లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అదే కాలంలో క్షయకు ఇస్తున్న ఇప్రోనియజిడ్ రోగులను హుషారుగా చేస్తోందని, సెరటోనిన్ లాంటి వాటిని విరగ్గొట్టే ఎంజైమును అది ఆపుతుందని తెలిసింది. ఖాళీ చేస్తే దిగులు, నిలబెడితే హుషారు. సెరటోనిన్, నారడ్రినలిన్, డోపమైన్ తగ్గడమే డిప్రెషన్ అన్న సిద్ధాంతం ఇట్లా పుట్టింది. ఇప్పుడది అంత సూటిగా ఎవరూ ఒప్పుకోవడం లేదు. కానీ మూలికను పరీక్షించే పద్ధతులు ఎక్కువ భాగం ఆ సిద్ధాంతం నీడలోనే ఉన్నాయి.

ఈ పేపర్లలో నాకు అన్నిటికంటే తెలివైన పనిగా అనిపించేది ఒకటుంది. తోటకు నాలుగు బోర్లు ఉన్నాయి, ఏ బోరు నీళ్లతో చెట్టు బతుకుతోందో తెలియాలి. ఏం చేస్తాం? ఒక్కో మోటారు ఆపి చూస్తాం. ఎలుకలోనూ అదే. పీసీపీఏ అనే పదార్థం కొన్ని రోజులు ఇస్తే మెదడులో సెరటోనిన్ తయారీ చాలావరకు ఆగిపోతుంది. అప్పుడు మూలిక ఇచ్చి ఈత పరీక్ష పెడతారు. ఇంతకుముందు కనిపించిన గుణం మాయమైతే, అది సెరటోనిన్ మీద ఆధారపడి ఉందన్నమాట. ప్రజోసిన్ ఇస్తే నారడ్రినలిన్ దారి ఒకటి మూసుకుంటుంది, హలోపెరిడాల్ ఇస్తే డోపమైన్ దారి. ఏది మూసినప్పుడు మూలిక చతికిలబడిందో చూస్తారు. ఈతలోనే ఇంకో వివరం కూడా ఉంది. 1990లలో లక్కీ అనే పరిశోధకుడి ల్యాబ్ వాళ్లు నీళ్ల లోతు పెంచి, ప్రతి 5 సెకన్లకు ఎలుక ఏం చేస్తోందో రాసుకుంటే, సెరటోనిన్ మందులు ఈతను పెంచుతున్నాయి, నారడ్రినలిన్ మందులు గోడ ఎక్కే ప్రయత్నాన్ని పెంచుతున్నాయి. మొత్తం సెకన్లు మాత్రమే లెక్కపెట్టినప్పుడు ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు సరిగా దొరికేవి కావు, ఇట్లా దొరికాయి.

అయితే బోరు లెక్కలో ఒక మెలిక ఉంది, పేపర్ల చివరి పేరాలో దాన్ని చాలామంది మరిచిపోతారు. మోటారు ఆపితే చెట్టు ఎండుతుంది. ఆ చెట్టుకు మనం వేసిన ఎరువు కూడా అప్పుడు పనిచేయదు. అంతమాత్రాన ఎరువు పనిచేసేది మోటారు మీద అంటామా? సెరటోనిన్ ఆపితే మూలిక గుణం పోయిందంటే, ఆ గుణానికి సెరటోనిన్ అవసరం అని మాత్రమే అర్థం. మూలిక నేరుగా సెరటోనిన్‌నే పెంచుతోందని కాదు. దానికి వేరే రుజువు కావాలి: నాడీకణం మీద ఆ కబురు అందుకునే రిసెప్టర్‌కు అతుక్కుంటోందా, ఎంజైమును ఆపుతోందా, అసలు ఆ పదార్థం రక్తంలోంచి మెదడులోకి పోతోందా? ఈ చివరి ప్రశ్న అడిగే పేపర్లు తక్కువ.

మిగతా కొలతలు త్వరగా చెబుతాను. హిప్పోక్యాంపస్ అనే భాగంలో బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ ఎంతుందో చూస్తారు, నాడీకణాలు నిలదొక్కుకోవడానికి అది కావాలి. 2003లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు ఎలుకల హిప్పోక్యాంపస్‌కు ఎక్స్-రే పెట్టి కొత్త కణాలు పుట్టకుండా చేస్తే, డిప్రెషన్ మందుల గుణం ఒక పరీక్షలో కనబడకుండా పోయింది. ఒత్తిడి హార్మోన్ కొలుస్తారు. మనిషిలో అది కార్టిసాల్, ఎలుకలో ముఖ్యంగా కార్టికోస్టిరోన్. వాపు గుర్తులు, ఆక్సిడేషన్ గుర్తులు కూడా చూస్తారు. ఒకే పేపర్లో సెరటోనిన్ పెరిగింది, డోపమైన్ పెరిగింది, బీడీఎన్ఎఫ్ పెరిగింది, కార్టికోస్టిరోన్ తగ్గింది, వాపు తగ్గింది అని అన్నీ అనుకూలంగా ఉంటే నాకు సంతోషం కంటే అనుమానం ఎక్కువ కలుగుతుంది. ఆరు ఎలుకల గుంపుల్లో ఇరవై కొలతలు తీస్తే, ఏ గుణమూ లేని మందుకు కూడా ఒకటి కాకతాళీయంగా 'తేడా ఉంది' అని రావడం మామూలే. పైగా ఎక్కువగా వాడేది మగ ఎలుకలనే, ఆడ ఎలుకల హార్మోన్ల చక్రం లెక్కను కలగాపులగం చేస్తుందని. మనుషుల్లో డిప్రెషన్ ఆడవాళ్లకే ఎక్కువ.

ఇంతకీ పెన్నేరు గడ్డ

పెన్నేరు మొక్క వంకాయ, మిరప, టమాటాల కుటుంబంలోదే. కాగితం లాంటి తొడుగులో ఎర్రటి పండు కాస్తుంది. వర్షాధారం భూముల్లో మా అనంతపురం, కర్నూలు వైపు కొందరు రైతులు పంటగానే వేస్తారు. పచ్చి వేరు నలిపితే గుర్రం కట్టేసిన చోటి వాసన వస్తుంది, అశ్వగంధ అన్న పేరు దానివల్లే.

దీని మీద ఎలుకల ప్రయోగాల్లో ఎక్కువమంది చెప్పుకునేది 2000లో వచ్చిన బనారస్ హిందూ యూనివర్సిటీ పేపర్. ఎస్.కె. భట్టాచార్య బృందం పెద్ద ఎలుకలకు రోజూ కిలో బరువుకు 20, 50 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు ఇచ్చి ఈత పరీక్ష, ఇంకో నిస్సహాయత పరీక్ష పెట్టారు. ఇమిప్రమైన్‌తో పోల్చదగ్గ ఫలితం కనిపించింది. మంచి పేపరే. కానీ వాళ్లు ఇచ్చింది వేరు పొడి కాదు. వేరులోంచి విడదీసిన గ్లైకోవిథనోలైడ్లు అనే భాగం మాత్రమే.

ఇక్కడ మోతాదు లెక్క చేసి చూపించాలి, ఎందుకంటే ఫార్వర్డ్‌లన్నీ బోల్తా పడేది ఇక్కడే. కిలోకు 20 మిల్లీగ్రాములంటే 60 కిలోల మనిషికి 1200 అనుకుంటాం. అది తప్పు. చిన్న జంతువులో మందు తొందరగా ఖర్చవుతుంది, అందుకని ఒంటి ఉపరితలాన్ని బట్టి సర్దాలి. పెద్ద ఎలుకకు 6, చిట్టెలుకకు 3, పెద్ద మనిషికి 37 అనే గుణకాలు వాడతారు. (మన పత్రికలకు రెండూ 'ఎలుక'లే. లెక్కలో మాత్రం రెట్టింపు తేడా.) 20ని 6తో హెచ్చించి 37తో భాగిస్తే 3.24. దాన్ని 60తో హెచ్చిస్తే సుమారు 195 మిల్లీగ్రాములు. అంటే విడదీసిన పదార్థమే 195 మిల్లీగ్రాములు కావాలి. బయట దొరికే క్యాప్సూల్ మీద విథనోలైడ్లు (ఈ వేరులోని అసలు పదార్థాలు) 5 శాతం అని రాసి ఉంటే, రోజుకు 600 మిల్లీగ్రాములు మింగినా లోపలికి పోయేది 30. రెండూ అచ్చంగా ఒకే పదార్థం కూడా కాదు. పొడి సంగతి ఇక చెప్పక్కర్లేదు, అందులో ఎంతుందో నేలను బట్టి, తవ్విన నెలను బట్టి మారుతుంది. మూలికల్లో పేర్ల తికమక అదనం. బ్రాహ్మి అని అడిగితే ఒక చోట నీటి ఒడ్డున పాకే చిన్న ఆకుల మొక్క ఇస్తారు, ఇంకో చోట గుండ్రటి సరస్వతి ఆకు ఇస్తారు. అందుకే మంచి ప్రయోగంలో మొక్క నమూనాను బాటనీ వాళ్లకు చూపించి, ఎండబెట్టి, నంబరు వేసి హెర్బేరియంలో దాస్తారు.

మనుషుల మీద? 2012లో హైదరాబాద్‌లో దీర్ఘకాలిక ఒత్తిడి ఉన్న 64 మందితో 60 రోజులు ఒక పరీక్ష జరిగింది. పెన్నేరు వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు తీసుకున్నవారిలో ఒత్తిడి స్కోరు, కార్టిసాల్ రెండూ తగ్గాయి. బాగుంది. కానీ ఒత్తిడి వేరు, డిప్రెషన్ జబ్బు వేరు. మాత్రల బదులు ఇది వాడొచ్చా అన్న ప్రశ్నను ఆ పరీక్ష అడగలేదు.

మూలిక పనికిరాదని కాదు నేను చెప్పేది. ఐరోపాలో డిప్రెషన్‌కు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక చూడండి. 2002లో అమెరికాలో 340 మందితో చేసిన పరీక్షలో అది ఉత్త మాత్ర కంటే మెరుగని తేలలేదు. తమాషా ఏమిటంటే పక్కనే పెట్టిన సెర్ట్రలిన్ అనే మామూలు మందు కూడా ప్రధాన కొలతల్లో తేలలేదు. 2008లో 29 పరీక్షలను కలిపి చూస్తే మూలిక గెలిచింది. మనిషి డిప్రెషన్ కొలవడం అంత చిక్కు పని. కానీ అదే మూలిక లివర్‌లో మందులను విరగ్గొట్టే ఎంజైములను రెచ్చగొట్టి, గర్భనిరోధక మాత్రలను, కిడ్నీ మార్పిడి వాళ్లు వేసుకునే మందులను బలహీనపరుస్తుందని తెలిసింది. డిప్రెషన్ మాత్రలతో కలిపితే సెరటోనిన్ మోతాదు మించి ప్రాణం మీదికి రావచ్చు. ఇవేవీ నీళ్లలో తేలే ఎలుక చెప్పలేదు. పెన్నేరు గడ్డ విషయంలోనూ లివర్ దెబ్బతిన్న కేసులు కొన్ని నమోదయ్యాయి, థైరాయిడ్ మీద ప్రభావం ఉంది, గర్భిణులు వాడకూడదంటారు. డెన్మార్క్ 2023లో దాని అమ్మకాన్నే నిషేధించింది. నా దృష్టిలో అది కొంచెం అతి, అయినా పట్టించుకోవలసిన అతి.

చిన్నాయనకు ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పలేదు. మాత్రలు ఉన్నపళంగా ఆపితే తల తిరుగుతుందని, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుందని, దిగులు మళ్లీ రావచ్చని చెప్పాను. ఆపాలన్నా డాక్టరే మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. రాత్రి మూడింటికి మళ్లీ మెలకువ వచ్చి మనసు బాగలేకపోతే 14416కు ఫోన్ చెయ్యమని, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారని నంబరు ఫోన్‌లో వేసిచ్చాను.

"అయితే కొన్నది ఏం చేసేది?" అన్నాడు. అప్పటికే కొనేశాడన్నమాట. సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాడు. ఇద్దరం కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాం. వేరు పొడి అని ఉంది. విథనోలైడ్లు ఎంతో లేదు. పూటకు ఒక చెంచా అని ఉంది. మూత ఇంకా విప్పలేదు. మంగళవారం డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మాత్రల స్ట్రిప్పుతో పాటు ఈ డబ్బా కూడా చూపించమన్నాను. దాన్ని మళ్లీ సంచిలోనే పెట్టుకున్నాడు.